మూడుసార్లు నొక్కితే

నా బల్ల మీదికి ఫోన్లు ఫ్యాక్టరీ నుంచి వచ్చినవి వచ్చినట్టే వస్తాయి. అట్టపెట్టెకి నలభై, ఒక్కొక్కటీ పల్చటి తెల్ల కవరులో. ఆన్ చేస్తే తయారుచేసినవాళ్ల పేరొక్కటే వెలుగుతుంది. మా కంపెనీ ఫోన్లు తయారుచేయదు. సిమ్ అమ్ముతుంది, సిమ్‌తోపాటు ఫోనూ అమ్ముతుంది. అమ్మేముందు ఆ ఫోన్‌ని తన ఫోన్‌గా మార్చుకుంటుంది. ఆ మార్చే పని మా గదిలో కూర్చునే తొమ్మిదిమంది ఆడవాళ్లది. వైరు తగిలించి కంపెనీ సరుకంతా, అంటే దాని యాప్‌లూ సెట్టింగులూ, లోపలికి ఎక్కిస్తాం. తర్వాత లిస్టు ముందు పెట్టుకుని ఒక్కొక్కటీ చూసి టిక్కు పెడతాం.

లిస్టులో నలభై రెండు అంశాలున్నాయి. వేరే కంపెనీ సిమ్ పెడితే ఫోన్ ఒప్పుకోకూడదు. ఒప్పుకోకపోతే టిక్కు. మేం పెట్టిన ఆరు యాప్‌లనీ కొన్నవాళ్లు తీసేయలేకపోవాలి. ఎంతసేపు నొక్కిపట్టినా పోకపోతే టిక్కు. కొత్తగా చేరినవాళ్లకి మొదటి వారం ఇది తికమకగా ఉంటుంది. పని చేయకపోవడమే పని చేయడం అని అర్థమయ్యాక చెయ్యి దానంతటదే నడుస్తుంది.

ముప్పై ఒకటో అంశం పక్క బటన్. ఫోన్ కుడి అంచున చిన్న ఎర్ర బటన్ ఉంటుంది. ఫ్యాక్టరీవాళ్లు దాన్ని పెట్టింది ఆపదలో వాడుకోవడానికి. మూడుసార్లు నొక్కితే మనం ముందే రాసిపెట్టుకున్న నంబరుకి కాల్ వెళ్తుంది. మా కంపెనీ దాన్ని పాటలు అమ్మే తన యాప్‌కి, పాటల దుకాణానికి, మార్చింది. మా ఫోన్లో ఎన్నిసార్లు నొక్కినా పాటల దుకాణమే తెరుచుకుంటుంది. రెండు సెకన్లలో తెరుచుకుని దాని రాగం మొదలైతే టిక్కు.

రోజుకి నూట ఇరవై ఫోన్లు. ఆరేళ్లుగా ఇదే పని. ఇది ఎవరి చేతిలోకి వెళ్తుందో అని ఒక్కోదాని దగ్గరా ఆగితే సాయంత్రానికి పెట్టె ఖాళీ కాదు.

మా అక్క దర్జీ. ఆవిడ పని వేరుగా ఉండేది. "ఈ పిల్లాడికి ఎడమ భుజం కొంచెం కిందికి ఉంటుందే, అందుకని ఇటు అర అంగుళం తగ్గించా" అనేది. స్కూలు యూనిఫాములు, ఆసుపత్రి కోట్లు, కిటికీ పరదాలు కుట్టేది. మేడ మీద ఒక గది, వంటిల్లు. కిటికీ పక్కన మిషను. నాకంటే తొమ్మిదేళ్లు పెద్దది. నాకు ఏడేళ్లప్పుడు అమ్మ పోతే, అప్పటినుంచి నాకు జడ వేసిందీ, వీపు వాయించిందీ, పెళ్లి చేసిందీ అక్కే. బావ ఇంకో సంసారం చూసుకుని వెళ్లిపోయాక కూతురిని ఒంటిచేత్తో పెంచింది. ఆ పిల్ల పుట్టినప్పుడు అరచేతిలో పట్టేంత ఉండేది. అందుకని పిచ్చుక అన్నాం. పందొమ్మిదేళ్లొచ్చినా పిచ్చుకే.

అక్కకి ఉబ్బసం. గుడ్డల దుమ్ము పడదు. "కుట్టు మానేస్తే ఆయాసం తగ్గుతుంది" అన్నాడు డాక్టరు.

"తగ్గుతుంది డాక్టరుగారూ, తిండి కూడా తగ్గుతుంది" అంది అక్క. ఆయన నవ్వి మందు చీటీ రాసిచ్చాడు. ఆయాసం మరీ ఎక్కువైతే ఇన్‌హేలరు చాలదని, అరగంటలో ఆసుపత్రికి చేర్చాలని నాతో విడిగా చెప్పాడు.

పోయిన ఏడాది పిచ్చుకకి నర్సింగ్ కాలేజీలో సీటొచ్చింది. బస్సులో నాలుగు గంటల దూరం, హాస్టల్లో ఉండాలి. వెళ్లనని మొండికేసింది. "రాత్రీ పగలూ ఈవిణ్ణి ఎవరు చూస్తారు పిన్నీ? ఆయాసం వస్తే మాట కూడా రాదు. ఫోన్లో నీ నంబరు వెతికేలోపే కళ్లు తేలేస్తుంది."

"ఆ మాట నిజమే" అంది అక్క, చొక్కాకి గుండీలు కుడుతూ. "ఈ అద్దం ఫోన్లు నా వేలిని గుర్తుపట్టవు. సూదులు గుచ్చుకుని గుచ్చుకుని వేలు చెప్పు అట్టలా అయింది. ఏమే, మీ టిక్కుల కార్ఖానాలో ఎర్ర బటన్ ఫోనుందా?"

"ఉంది. నీకెలా తెలుసు?"

"పరదాలు కుట్టించుకునే టీచరమ్మ చూపించింది. మూడు నొక్కులు నొక్కితే వాళ్లాయనకి మోగుతుందట. అలాంటిదొకటి నాకు కొనిపెట్టు. మూడు నొక్కుతా, నువ్వు పరుగెత్తుకొస్తావు. ఈ పిల్ల బతుకు బాగుపడుతుంది."

టీచరమ్మ ఆ ఫోన్ బయటి కొట్లో కొని ఉంటుంది. మా దాంట్లో ఆ బటన్ పాటలు పాడుతుందని నాకు తెలుసు. కానీ అప్పటి సరుకులో ఒక సందు ఉండేది. సెట్టింగ్స్‌లో లోపల, ఇంకా లోపల, దాన్ని మళ్లీ పాతపద్ధతికి తిప్పుకునే చోటు మూయడం ఎవరో మర్చిపోయారు. మా గదిలో అందరికీ ఆ సంగతి తెలుసు. ఉద్యోగులకిచ్చే తగ్గింపు ధరకి మా కంపెనీ ఫోనే కొన్నాను. బయట కొనుంటే? ఆ ప్రశ్న తర్వాత చాలాసార్లు వేసుకున్నాను. అప్పుడు మాత్రం నా తెలివికి నేనే మురిసిపోయాను.

బటన్‌ని తిప్పిపెట్టిన రోజు ముగ్గురం పరీక్ష చేశాం. నన్ను వీధి చివర నిలబెట్టారు. పిచ్చుక మెట్ల మీద నిలబడి చెయ్యి ఊపింది. నా ఫోన్ మోగింది. అక్క పేరు చూసి ఎత్తాను.

"ఉప్పైపోయింది. వచ్చేటప్పుడు ఒక ప్యాకెట్ తే" అంది అక్క.

"అది ఆపదకి, నీ ఉప్పుకి కాదు!"

"ఉప్పు లేకపోతే నా కూర మీకే ఆపద."

ఆ నవ్వులోనే ఒప్పందం కుదిరింది. అక్క నొక్కితే నేను "ఏంటి" అని కూడా అడగకూడదు. నంబరు కనబడగానే బయల్దేరాలి. మా గదిలో సొంత ఫోన్లు బయట అరలో పెట్టిరావాలి. నేను సూపర్‌వైజర్ సార్ దగ్గరికెళ్లి అక్క సంగతి చెప్పాను. ఆయన ఆలోచించి, "సరే, బల్ల మీద బోర్లా పెట్టుకో. మోగితే తప్ప ముట్టుకోకు" అన్నాడు. పిచ్చుక పెట్టె సర్దుకుంది.

వానాకాలంలో ఒకసారి నిజంగానే మోగింది. లిస్టు ఎక్కడిదక్కడ వదిలేసి పరుగెత్తాను. పధ్నాలుగు నిమిషాల్లో మేడ మీదున్నాను. అక్క గోడకానుకుని కూర్చుని ఉంది, పెదాలు నీలంగా. ఆసుపత్రిలో మాస్కు పెట్టాక గంటకి మనిషైంది. మాస్కు పక్కకి జరిపి అన్న మొదటి మాట, "మంచిదేనే ఈ బటను. నీకంటే నమ్మకంగా ఉంది."

"నేనే కదా అది!" అన్నాను.

అక్కడినుంచి అక్క ఆ ఫోన్‌ని మెడలో వేసుకుంది. టేపు పక్కన టేపులా, సంచి కుట్టి నాడా తగిలించి. పిచ్చుకతో రోజూ ఫోన్లో అదే మాట: "నా గురించి నీకెందుకే, నా మెడలో మీ పిన్ని ఉంది."

ఆ మెడలో ఉన్న నేను ఏం చేశానో ఇప్పుడు చెప్పాలి.

ఒక మంగళవారం మా గదికి కొత్త సరుకొచ్చింది. అప్‌డేట్. కొత్త ఫోన్లలోకి మేం ఎక్కిస్తాం. ఇప్పటికే అమ్మిన ఫోన్లలోకి కంపెనీ దూరం నుంచే పంపిస్తుంది, జనం నిద్రలో ఉండగా అది ఎక్కేస్తుంది. లిస్టు కూడా మారింది. ముప్పై ఒకటో అంశంలో ఒక వాక్యం కొత్తగా చేరింది: పక్క బటన్‌ను వేరే పనికి మార్చుకునే వీలు సెట్టింగ్స్‌లో కనబడకూడదు.

వెతికాను. కనబడలేదు. సందు మూసేశారు. బటన్ మూడుసార్లు నొక్కాను. పాటల దుకాణం తెరుచుకుంది, డింగ్ డింగ్‌మని రాగం మొదలైంది. అక్క ఫోన్ లాంటిదే ఫోన్, అదే రంగు. టిక్కు పెట్టాను.

మధ్యాహ్నం సార్‌ని అడిగాను. "సార్, ఇది పాత ఫోన్లకి ఎప్పుడు వెళ్తుంది?"

"నెలాఖరుకి. ఎందుకు?"

"ఊరికే."

నెలాఖరుకి ఇంకా మూడు వారాలుంది. ఈలోపు బయటి కొట్లో వేరే ఫోన్ కొని ఇచ్చేద్దామనుకున్నాను. ఆ సాయంత్రమే అక్కకి ఫోన్ చేసి, "ఆ బటన్ని ఇక నమ్ముకోకు" అని చెప్పాల్సింది. ఆ ఒక్క ముక్కే. చెప్తే అక్క పిచ్చుకకి చెప్తుంది, పిచ్చుక పరీక్షలు వదిలేసి వచ్చి కూర్చుంటుంది అనుకున్నాను. "ఆదివారం వస్తానక్కా, నీ ఫోన్ ఒకసారి చూడాలి" అని మాత్రం ఫోన్లో అన్నాను.

"దానికేం? బానే ఉంది. నువ్వే చిక్కిపోయావు, వచ్చి తిండి తిని పో" అంది.

ఆ ఆదివారం మా ఆయన మేనత్త వాళ్లొచ్చారు, కదలడం కుదరలేదు. తర్వాతి ఆదివారం ఎవరూ రాలేదు. మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చాను. లేచేసరికి పొద్దు వాలింది. ఇప్పుడేం వెళ్తాంలే అనుకున్నాను. అంతే, అంతకంటే పెద్ద కారణమేమీ లేదు. ఉంటే బాగుండేది.

అప్‌డేట్ నెలాఖరుదాకా ఆగలేదు. పది రోజుల ముందే పంపేశారు. ఎందుకు ముందు పంపారో మా గదికెవరూ చెప్పలేదు.

గురువారం రెండింటి నుంచి నాలుగున్నరదాకా నా ఫోన్ బల్ల మీద బోర్లానే ఉంది, నా మోచేతికి ఆనుకుని. మోగలేదు. ఆ రెండున్నర గంటల్లో నేను నలభై ఫోన్ల ఎర్ర బటన్లు నొక్కాను. నలభైసార్లు ఆ రాగం విన్నాను, నలభై టిక్కులు పెట్టాను. ఆ కాగితం మీద తేదీ, నా సంతకం ఉన్నాయి.

నాలుగున్నరకి మోగింది. అక్క నంబరు కాదు. కింది వాటాలో ఉండే ఇంటి ఓనరమ్మ. యూనిఫాం కోసం ఎవరో వచ్చి తలుపు కొడితే తీయలేదని, తాను పైకెళ్లి చూశానని, నువ్వు తొందరగా రా అని చెప్పింది. గొంతులోనే తెలిసిపోయింది.

*

మనుషులు వచ్చారు, వెళ్లారు. వచ్చిన ప్రతివాళ్లకీ ఓనరమ్మ మెట్ల దగ్గరే కూర్చుని ఒకటే మాట చెప్పింది. మంచి మనిషి, అక్కకి పదేళ్లుగా ఇల్లిచ్చిన మనిషి. ఓదార్పుగానే చెప్పింది.

"పాటలు వింటూ పోయిందమ్మా మహాతల్లి. నేను కింద గుడ్డలారేస్తున్నా. పైనుంచి పాట వినబడతానే ఉంది. కాసేపు మోగడం, ఆగడం, మళ్లీ మొదటినుంచి అదే డింగ్ డింగ్. ఏ పాట పెట్టుకోవాలో తేల్చుకోలేక మారుస్తుందేమో అనుకున్నా. ఏడెనిమిదిసార్లు మారింది. తర్వాత ఏదో కిందపడ్డ చప్పుడైంది. కత్తెరేమోలే అనుకున్నా. ఎంత హాయిగా పోయిందో చూడు. ఎవరికి దొరుకుతుంది అంత సుఖమైన చావు?"

వచ్చినవాళ్లు కళ్లు తుడుచుకుని, "పోన్లే, బాధపడకుండా పోయింది" అనుకుంటూ వెళ్లేవాళ్లు. నేను గోడపక్కన కూర్చుని వినేదాన్ని. మొదటిసారి విన్నప్పుడే ఆ రాగం ఏమిటో గుర్తుపట్టాను. అక్కకి పాటలంటే చిరాకు. మిషను చప్పుడు తప్ప ఇంట్లో ఇంకో చప్పుడు ఉండనిచ్చేది కాదు. పిచ్చుక చిన్నప్పుడు రేడియో పెడితే, "కట్టెయ్, కుట్టు వంకరపోతోంది" అనేది.

ఆ ఫోన్ అక్క మెడలోంచి తీసింది నేనే. ఎవరూ చూడకుండా వంటింట్లోకి తీసుకెళ్లి తెరిచాను. స్క్రీన్ మీద పాటల దుకాణమే ఉంది, రంగురంగుల పూలతో. మధ్యలో ఒక సందేశం: ఈ రోజు మీరు మా దుకాణానికి పదకొండుసార్లు వచ్చారు! మీకోసం ఒక పాట ఉచితం.

మూడు నొక్కి, నేను వస్తానని ఎదురుచూసి ఉంటుంది. రాగం మోగితే తనే తప్పు నొక్కానని అనుకుని ఉంటుంది. మళ్లీ నొక్కింది. అలా పదకొండుసార్లు.

మా ఆయనకొక్కడికే చెప్పాను. ఆయన నా భుజం మీద చెయ్యేసి, "పిల్లకి మాత్రం చెప్పకు. దానికి ఇప్పుడు నువ్వు తప్ప ఎవరున్నారు? నిజం చెప్పి ఉన్న ఒక్క పిన్నిని కూడా దానికి లేకుండా చేస్తావా?" అన్నాడు.

"అది నాకోసం చెప్తున్న మాటా, దానికోసమా?"

"ఇద్దరికోసం" అన్నాడు. ఆయన మాటలో తప్పేం లేదు. నాకూ అదే కావాలనిపించింది. పదిమందీ పాటలు వింటూ పోయిందని అంటున్నారు, అదే ఉండనీ అనుకున్నాను. పిచ్చుక కూడా ఆ మాటతోనే కుదుటపడుతుందనుకున్నాను.

*

పిచ్చుక కుదుటపడలేదు. ఏడవలేదు కూడా. వారం తర్వాత గది ఖాళీ చేయడానికి ఇద్దరమే మేడ మీదున్నాం. కుట్టాల్సిన గుడ్డలన్నీ ఎవరివి వాళ్లకిచ్చేయాలి. సంచుల మీద అక్క సుద్దతో రాసిన గుర్తులున్నాయి: పొట్టి పాప, ఆసుపత్రి ఇద్దరు, టీచరమ్మ పరదా. నేను సంచులు విడదీస్తున్నాను. మిషను మీద ఒక చిన్న నీలం గౌను సూది కింద అలాగే ఉండిపోయింది. కింది అంచు సగం కుట్టి ఉంది.

పిచ్చుక మిషను ముందు కూర్చుంది. "ఇది అయిపోగొట్టి ఇద్దాం. అమ్మ ఎవరికీ సగం గుడ్డ ఇవ్వలేదు" అంది. పెడల్ మీద పాదం పెట్టి తొక్కడం మొదలుపెట్టింది. అక్కలాగే, కొంచెం ముందుకి వంగి.

కొంతసేపయ్యాక తల ఎత్తకుండానే అడిగింది. "పిన్నీ, అమ్మ బటన్ ఎందుకు నొక్కలేదు?"

నేను చేతిలో సంచి కింద పెట్టాను.

"ఓనరమ్మ మామ్మగారు చాలాసేపు పాటలు వినబడ్డాయి అంటోంది. అంటే టైముంది. మెళ్లోనే ఉంది ఫోను. నొక్కితే నువ్వొచ్చేదానివి. వానాకాలంలో వచ్చావుగా. మరెందుకు నొక్కలేదు?"

"పిచ్చుకా..."

"నాకు తెలుసు ఎందుకో." మిషను ఆగలేదు. "అంతకి రెండు రోజుల ముందు, మంగళవారం, నేను పోట్లాడాను. సెలవులకి రాను, ఫ్రెండ్ వాళ్లింటికి వెళ్తా అన్నా. అమ్మ, ఈసారి ఒంట్లో బాలేదే, వచ్చిపో అంది. ప్రతిసారీ ఆయాసం చూపించి బెదిరించకమ్మా అన్నాను. వస్తే బటన్ ఉందిగా, నొక్కుకో అన్నాను. అదే మాట పిన్నీ. నొక్కుకో. ఫోన్ పెట్టేసింది. మళ్లీ చేయలేదు. నేనూ చేయలేదు." సూది కింద గుడ్డని ముందుకి జరిపింది. "అమ్మకి పంతం. నొక్కుకో అన్నా కదా, అందుకే నొక్కలేదు. నొక్కను పో అని, పాటలు పెట్టుకుని కూర్చుంది."

వారం రోజులుగా ఆ పిల్ల గుండెలో ఏం మోస్తోందో అప్పుడు తెలిసింది. తల్లిని తానే చంపానని నమ్ముతోంది. నేను నోరు మూసుకుంటే జీవితాంతం నమ్ముతుంది. రేపు నర్సవుతుంది, ఊపిరాడని మనుషుల పక్కన నిలబడుతుంది, ప్రతిసారీ ఆ మాటే చెవిలో మోగుతుంది. మా ఆయన చెప్పిన మాట గుర్తొచ్చింది. నిజం దాచి నేను తప్పించుకోవాలనుకున్నది నా నష్టాన్ని మాత్రమే.

"నొక్కింది" అన్నాను.

మిషను ఆగింది.

"నొక్కింది పిచ్చుకా. అది పాట కాదు. అమ్మ పాటలు పెట్టుకోలేదు. బటన్ నొక్కితే పాటల దుకాణం తెరుచుకుంది. మా కంపెనీ మార్చేసింది. అప్‌డేట్ వచ్చి, నేను తిప్పిపెట్టింది చెరిపేసింది. నన్ను పిలవాలనే నొక్కింది. నాకు మోగలేదు."

పిచ్చుక నా వైపు తిరిగింది. చిన్నప్పుడు లెక్క తప్పినప్పుడు అలాగే చూసేది, కనుబొమలు ముడేసి.

"అప్‌డేట్ సంగతి నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"ఆ గురువారానికి పదహారు రోజుల ముందునుంచి. నా బల్ల మీదికే వచ్చింది. పరీక్ష చేసి టిక్కు పెట్టింది నేనే."

"అమ్మకి చెప్పలేదా?"

"ఆదివారం వచ్చి చెప్దామనుకున్నా."

"రెండు ఆదివారాలొచ్చాయి పిన్నీ."

"వచ్చాయి. ఒక ఆదివారం చుట్టాలొచ్చారు. ఇంకో ఆదివారం పడుకున్నాను."

ఇంకేమైనా చెప్పొచ్చు. నెలాఖరన్నారని, నీ పరీక్షలు పాడవుతాయనుకున్నానని. నోటిదాకా వచ్చింది, చెప్పలేదు. చెప్తే ఆ బరువులో కొంత మళ్లీ దాని మీదికే వెళ్తుంది.

కిటికీలోంచి ఎండ మిషను మీద పడుతోంది. గాలిలో నూలు దుమ్ము తేలుతోంది. అక్కకి పడని దుమ్ము.

"ఎన్నిసార్లు?" అంది పిచ్చుక.

"ఏంటమ్మా?"

"ఎన్నిసార్లు నొక్కింది?"

"పదకొండు. ఫోన్లో ఉంది."

ఆ పిల్ల పెదాలు కదిలాయి. ఒకటి, రెండు అని లెక్కపెడుతోందేమో, ఎక్కడో మధ్యలో ఆగిపోయింది. అప్పుడు ఏడ్చింది. వారం రోజులుగా రాని ఏడుపు, మిషను బల్ల మీద తల ఆనించి, నీలం గౌను తడిసేలా. నేను దగ్గరికెళ్లి వీపు మీద చెయ్యి వేయబోయాను. చూడకుండానే భుజం పక్కకి లాక్కుంది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

చాలాసేపటికి లేచి ముఖం కడుక్కుని వచ్చింది. మళ్లీ మిషను ముందు కూర్చుని మిగతా అంచు కుట్టింది. దారం తెంపి, గౌను మడిచి, 'పొట్టి పాప' అని రాసున్న సంచిలో పెట్టింది.

"అయితే అమ్మకి నా మీద కోపం లేదు" అంది, తనలో తాను అనుకుంటున్నట్టు.

"లేదు."

"నువ్వు ఇంటికెళ్లు పిన్నీ. మిగతావి నేను సర్దుకుంటా."

*

మర్నాడు పొద్దున బస్టాండుకి వెళ్లాను. రమ్మనలేదు, వద్దనీ అనలేదు. పిచ్చుక బల్ల మీద కూర్చుని ఉంది, ఒళ్లో సంచి, సంచిలోంచి అక్క టేపు కొస వేలాడుతోంది. నేను పక్కన కూర్చున్నాను, మధ్యలో ఇంకో మనిషి పట్టేంత ఖాళీ వదిలి.

"ఫోనివ్వు" అంది.

అక్క ఫోన్ నా సంచిలోనే ఉంది. కుట్టిన సంచితో, నాడాతో సహా ఇచ్చాను. పిచ్చుక దాన్ని ఒళ్లో పెట్టుకుని ఎర్ర బటన్ మూడుసార్లు నొక్కింది. రంగుల పూలు విచ్చుకున్నాయి. డింగ్ డింగ్. అవతలి బల్ల మీదున్న ముసలాయన తల తిప్పి చూసి, పాటేగా అన్నట్టు మళ్లీ తిప్పుకున్నాడు.

"అమ్మ విన్నది ఇదేనా?"

"ఇదే."

"చివరిదాకా ఎంతసేపు మోగుతుంది?"

నాకు తెలియదు. ఆరేళ్లలో ఒక్కసారి కూడా చివరిదాకా వినలేదు. రెండు సెకన్లకి టిక్కు పెట్టి ఆపేసేదాన్ని. పిచ్చుక ఆపలేదు. ఇద్దరం విన్నాం. ఇరవై సెకన్లుంటుందేమో. అయిపోయాక మరీ ఉల్లాసంగా ఒక గొంతు, "స్వాగతం! ఈ రోజు ఏం విందాం?" అంది.

పిచ్చుక ఫోన్ ఆపేసి, నాడా చుట్టి తన సంచిలో వేసుకుంది. బస్సొచ్చింది. పెట్టె నేనెత్తబోతే తనే ఎత్తుకుంది. మెట్టు మీద కాలు పెట్టి, వెనక్కి తిరగకుండానే అంది:

"నువ్వు చేయకు పిన్నీ. చేయాలనిపించినప్పుడు నేనే చేస్తా."

"సరే" అన్నాను. ఎప్పుడని అడగలేదు.

పనిలోకి వెళ్లిన రోజు సార్‌కి అంతా చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు, నీళ్లు తెప్పించాడు. "కాగితం మీద రాసివ్వు, పైకి పంపిస్తా" అన్నాడు. రాసిచ్చాను. రెండు వారాలకి జవాబొచ్చింది, ఒకే వాక్యం: పక్క బటన్ నిర్ణయించిన విధంగానే పనిచేస్తున్నది. సార్ ఆ కాగితం నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. ముప్పై ఒకటో అంశం లిస్టులో అలాగే ఉంది. నేనూ ఆ కుర్చీలోనే ఉన్నాను. వేరే పని వెతుకుతున్నాను, ఇంకా దొరకలేదు.

నా సొంత ఫోన్ బయట అరలో పెట్టమని సార్ ఇప్పటికీ అనలేదు. బల్ల మీదే ఉంటుంది, మోచేతి పక్కన. అక్క ఉన్నప్పుడు బోర్లా పెట్టేదాన్ని. ఇప్పుడు వెల్లకిలా పెడుతున్నాను.